పొడుగు మీసాల మిడత మీద మందు కొట్టకండి

ప్రశ్న: మాది సాగర్ ఎడమ కాలువ కింద నాలుగు ఎకరాల వరి, బీపీటీ 5204. నాటు వేసి 40 రోజులైంది. దుబ్బుల్లో అక్కడక్కడా మొవ్వు ఎండిపోతోంది. పొలంలో దిగితే పచ్చ మిడతలు లేస్తున్నాయి. కొన్నింటికి తోక దగ్గర కత్తిలాంటి ముల్లు ఉంది. ఆ ముల్లుతో కాండాన్ని పొడిచి మొవ్వు చంపుతోందని మందుల దుకాణంలో చెప్పారు. సైపర్‌మెత్రిన్‌లో ఇంకో మందు కలిపి, వారం తేడాతో రెండుసార్లు కొట్టమన్నారు. కొట్టమంటారా? ఒకదాన్ని సీసాలో పట్టాను, ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: కొట్టొద్దు. మీ పొలంలో మొవ్వు చంపుతున్నది కాండం తొలిచే మొగి పురుగు. మిడతకు దాంతో సంబంధం లేదు. పైగా మీరు సీసాలో పట్టిన కత్తి తోక మిడత ఆ మొగి పురుగు గుడ్లనే తింటుంది. ఇప్పుడు దాన్ని చంపితే నష్టపోయేది మీరే.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఎండిన మొవ్వును పట్టి లాగండి. తేలిగ్గా ఊడొచ్చి అడుగున కొరికినట్టు, కుళ్ళినట్టు ఉంటుంది. ఆ పిలకను మొదలు దాకా నిలువునా చీల్చండి. గోధుమరంగు తల ఉన్న లేత పసుపు పురుగు లోపల దొరుకుతుంది. మిడత ఏదీ కాండంలోకి దూరి బతకదు.

ఇక ఫొటోల సంగతి. అన్నీ ఒకటే అనుకుని పంపారు గానీ మూడు రకాలున్నాయి. ముందు మీసం చూడండి. మొదటి రెండింటికీ మీసాలు పొట్టిగా, మందంగా ఉన్నాయి. అవి మామూలు ఆకు తినే మిడతలు. మెడ మీది పలకపై మూడు నల్లటి అడ్డగీతలున్న పెద్దది హైరోగ్లైఫస్. కంటి వెనక నుంచి పక్కల వెంట గోధుమరంగు పట్టీ ఉన్న చిన్నది ఆక్సియా. ఇవి ఆకు అంచులు కొరుకుతాయి. మీ ఫొటోల్లో కనిపిస్తున్న కొరుకుడుకు మందు అక్కర్లేదు. హైరోగ్లైఫస్ పంట చివర్లో గట్ల మట్టిలో గుడ్లు పెడుతుంది, మళ్ళీ తొలకరి వానలకే అవి పొదుగుతాయి. కాబట్టి ఎండాకాలంలో గట్లు చెక్కండి. గుడ్లు బయటపడితే ఎండకు మాడతాయి, పక్షులు ఏరుకుంటాయి.

మూడోది వేరే కుటుంబం, కీచురాయికి దగ్గరి చుట్టం. మీసం దారంలా సన్నగా, ఒంటికంటే రెట్టింపు పైగా పొడుగుంటుంది. ముందుకాలు మోకాలికి కాస్త కింద భూతద్దం పెట్టి చూస్తే సన్నటి చీలికలు కనిపిస్తాయి, అవి దాని చెవులు. మామూలు మిడతకు చెవి పొట్ట పక్కన ఉంటుంది. పాదం కణుపులు కూడా దీనికి నాలుగు, మామూలు మిడతకు మూడే. దుకాణంలో మిమ్మల్ని భయపెట్టిన ఆ కత్తి ఆడదానికి గుడ్లు పెట్టే సాధనం. దాంతో మొక్క సందుల్లో గుడ్లు దూరుస్తుంది, అంతే. దానివల్ల మొవ్వు చావదు. మగదానికి కత్తే ఉండదు.

ఇందులోనూ దగ్గరి రకాలున్నాయి. తల ముందుకు శంకువులా మొనదేలి, ఒళ్ళు పెద్దగా ఉంటే అది యూకోనోసెఫాలస్. రాత్రిళ్ళు ఆగకుండా రొద పెట్టేది, దీపాల దగ్గరికి వచ్చేది అదే. గడ్డి గింజలు కొరకడం దాని అలవాటు. మీరు పట్టినదాని తల అలా మొనదేలి లేదు, ఒళ్ళు చిన్నది, తల మీంచి మెడ పలక దాకా గోధుమరంగు చార ఉంది. అది కోనోసెఫాలస్. రెక్కల మీద నల్లటి చుక్కల వరస ఉంటే మాక్యులేటస్ అనే రకం కావచ్చు. కచ్చితంగా తేల్చాలంటే మగదాని తోక చివర ఉండే జత కొక్కేల ఆకారం, లోపలి పన్ను చూడాలి. ఫొటోలో అది తేలదు. మీకు ఆ తేడా అక్కర్లేదు కూడా, ఏ రకమైనా మందు కొట్టేది లేదు.

కోనోసెఫాలస్ ఆకునూ కంకినీ కాస్త గీకుతుంది, అది నిజమే. కానీ అది చేసే మేలు ముందు ఆ నష్టం లెక్కలోకి రాదు. రేపు పొద్దున ఆకు కొసలు చూడండి. మొగి పురుగు గుడ్ల గుంపు గోధుమరంగు నూగు కప్పుకుని ఉంటుంది. ఆ నూగు చెదిరిపోయి, గుడ్లు సగం కొరికేసి కనిపిస్తే అక్కడ ఈ మిడత పని చేసిందని అనుమానించండి. ఒక గుంపు పోయిందంటే పదుల కొద్దీ పురుగులు పుట్టకముందే పోయినట్టు. రూపాయి ఖర్చు లేని ఈ పనిని చెడగొట్టడానికి మీరు డబ్బు పెట్టబోతున్నారు.

దుకాణాల సలహా గురించి కటువుగానే చెబుతాను. పొలం చూడకుండా, పిలక చీల్చకుండా రెండు మందులు కలిపి కొట్టమనడం వైద్యం కాదు, అమ్మకం. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు వరిలో కొడితే దోమను తినే సాలెపురుగులు, మిరిడ్ నల్లులు, వాటితో పాటు ఈ మిడతలు ముందు చస్తాయి, ఆ వెనకే సుడిదోమ విరుచుకుపడుతుంది. బీపీటీ 5204 దోమను తట్టుకునే రకం కూడా కాదు. దోమకు మళ్ళీ అదే దుకాణానికి పోవాలి.

ఇప్పుడు చేయాల్సింది: పొలంలో మూలకు మూల నడుస్తూ 20 దుబ్బుల్లో మొత్తం పిలకలు, ఎండిన మొవ్వులు లెక్కపెట్టండి. 300 పిలకలకు 15 దాటితే, అంటే 5 శాతం మించితేనే మందు. అప్పుడు ఎకరాకు కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు 8 కిలోలు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు 4 కిలోలు, ఏదో ఒక్కటే, పలుచగా నీరుంచి చల్లండి. రెండు మూడు రోజులు నీరు బయటికి పోకుండా గండ్లు కట్టండి. అంతకంటే తక్కువుంటే మందు వద్దు, పిలక దశలో వరి కొంతవరకు తానే సర్దుకుంటుంది. ట్రైకోగ్రామా జపోనికమ్ (మొగి పురుగు గుడ్లను చంపే చిన్న కందిరీగ) కార్డులు దొరికితే ఎకరాకు 20 వేల గుడ్ల చొప్పున వారానికోసారి మూడుసార్లు పెట్టండి, ఆ రోజుల్లో పిచికారీ చేయకండి.

ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) ఈ వారమే కట్టండి. చిరుపొట్ట దశలో చదరపు మీటరుకు ఒక తల్లి రెక్కల పురుగు గానీ ఒక గుడ్ల గుంపు గానీ కనిపిస్తే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ లీటరుకు 0.3 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల నీటిలో 60 మి.లీ., ఒక్కసారి కొట్టండి. అప్పుడు వదిలేస్తే తెల్లకంకి, అంటే గింజ పట్టని కంకి వస్తుంది, దాన్ని ఏ మందూ తిరిగి పచ్చబరచదు.

20 దుబ్బుల లెక్క రాసి పంపండి. గుళికలు కొనాలా వద్దా అప్పుడు చెబుతాను.