పత్తికి నాలుగు సెట్ల క్రోమోజోములున్నా గింజ కడుతుంది, మూడున్న అరటికి ఎందుకు కట్టదు?

మీరు అడిగింది ఇదీ: మియోసిస్‌లో, అంటే పుప్పొడి, అండం తయారీకి క్రోమోజోములు సగమయ్యే కణవిభజనలో, ప్రతి క్రోమోజోమూ తన జోడీతో కలవాలి కదా, పత్తిలో ఒక్కోటి నాలుగేసి ఉంటే ఎవరికి ఎవరు జోడీయో ఎలా తేలుతుంది, సరి సంఖ్య అయితే చాలా? చాలదు. సరి, బేసి లెక్క అరటి దాకా సరిపోతుంది గానీ పత్తి సంగతి వేరు.

బాపట్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రాక్టికల్స్ కోసం పత్తి గూడలు తెంపుకొచ్చేవాళ్లం. పువ్వు విచ్చాక చూస్తే ఏమీ ఉండదు, అప్పటికే మియోసిస్ అయిపోయి పుప్పొడి తయారై ఉంటుంది. లోపలి మొగ్గ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే తుంచి, మూడు వంతుల ఆల్కహాల్‌కి ఒక వంతు అసిటిక్ ఆసిడ్ కలిపి అందులో వేయాలి. తర్వాత పరాగకోశాన్ని (పుప్పొడి తిత్తిని) అసిటోకార్మిన్ అనే రంగు చుక్కలో సూదితో చిదిపి, తుక్కంతా ఏరేసి, కవర్ స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కడమే. నొక్కేటప్పుడు కవర్ స్లిప్ ఇసుమంత పక్కకి జరిగిందా, కణాలన్నీ చాపలా చుట్టుకుపోయి స్లైడు దండగ. మంచి స్లైడు పడితే మాత్రం మీ ప్రశ్నకి జవాబు కళ్లముందే ఉంటుంది: 52 క్రోమోజోములు 26 జంటలుగా, అందులో 13 జంటలు పెద్దవి, 13 చిన్నవి. నాలుగేసి అంటుకున్న గుంపులు మామూలుగా కనపడవు.

ఆ పెద్దా చిన్నా తేడాలోనే అసలు విషయం ఉంది. ఇప్పుడు గుంటూరు చుట్టుపక్కల వేసే పత్తి దాదాపు అంతా హిర్సుటం జాతి, అది రెండు వేరు జాతులు ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట కలిసి పుట్టింది. పెద్దవి ‘ఏ’ (A) అని పేరున్న జీనోమ్‌వి, అంటే ఒక జాతి నుంచి వచ్చిన సెట్టువి, మన దేశవాళీ ఆర్బోరియం పత్తి కూడా ఆ వైపుదే. చిన్నవి ‘డి’ (D) జీనోమ్‌వి, అమెరికా అడవి పత్తి వైపువి. అంటే నాలుగు కాపీలున్నా నాలుగూ ఒకటి కాదు, రెండు ‘ఏ’, రెండు ‘డి’. ‘ఏ’కి ‘డి’ అంటే పెదనాన్న పిల్లల వరస, పోలికలుంటాయి గానీ పెళ్లి కుదరదు. హిర్సుటంని ఆర్బోరియంతో సంకరం చేస్తే 39 క్రోమోజోముల మొక్క వస్తుంది, దానిలో చాలావరకు ‘ఏ’లు ‘ఏ’లతో కలిసి 13 జంటలవుతాయి, 13 డిలు ఒంటరిగా మిగిలిపోతాయి, మొక్క గొడ్డుబోతుంది. అదే మొక్కకి క్రోమోజోములని రెట్టింపు చేసే కొల్చిసిన్ అనే మందు ఇచ్చి 78 చేస్తే డిలకీ జోడీ దొరుకుతుంది, గింజ కట్టే అవకాశం మళ్లీ వస్తుంది.

గోధుమలో ఇంకో మెలిక ఉంది. అక్కడ 42 క్రోమోజోములు, ‘ఏ’, ‘బి’, ‘డి’ అని మూడు రకాల సెట్లు (పేర్లు కలిసినా ఇవి పత్తివి కావు), అవి ఒకదానికొకటి బాగా దగ్గర. ఊరుకుంటే కలగాపులగం అయిపోయేవే, కానీ 5బి క్రోమోజోము మీద పీహెచ్1 అనే భాగం కాపలా కాస్తుంది. 1958లో ఇంగ్లండ్‌లో రైలీ, చాప్‌మన్, అమెరికాలో సియర్స్, ఒకమోటో వేరువేరుగా దీన్ని పట్టుకున్నారు. అది లేకపోతే ‘ఏ’ సెట్టుది ‘బి’ సెట్టుదానితో కూడా కలుస్తుంది. తమాషా ఏంటంటే బ్రీడర్లు కావాలనే పీహెచ్1 పోయిన గోధుమని వాడతారు, అడవి గడ్డి జాతుల్లోని తెగులు తట్టుకునే జన్యువులని లోపలికి తేవాలంటే ఆ కాపలా అడ్డం కదా.

ఇక నాలుగూ ఒకే రకమైనవి ఉన్న మొక్కలు, బంగాళాదుంప లాంటివి. గైడ్లలో వీటిని ఒక్క ముక్కలో వంధ్యం (గింజ కట్టవు) అని తేల్చేస్తారు, నాకు అది మింగుడుపడదు. చాలా బంగాళాదుంప రకాలు కాయా గింజా కడతాయి మరి. క్రోమోజోములని పట్టి ఉంచేది క్రాసింగ్ ఓవర్ ముళ్లు, అంటే అవి ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకునే చోట్లు. ఒక్కోదానికి ఒక్క ముడే పడితే ఇద్దరే కట్టుబడతారు, మూడోది అతుక్కోవాలంటే వాటిలో ఏదో ఒకదానికి రెండు ముళ్లు పడాలి. అందుకే నాలుగూ చిక్కుపడకుండా అరబిడాప్సిస్ అరెనోసా అనే మొక్కలో నాలుగు సెట్ల రకం క్రాసింగ్ ఓవర్లని తగ్గించుకుంది, ఏఎస్‌వై1, ఏఎస్‌వై3 లాంటి జన్యువులు మారాయని జీనోములు పోల్చి చూస్తే తేలింది. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయో లేదో గానీ నిజం మాత్రం ఇదే.

అరటి దగ్గరికొస్తే లెక్క సులువు. కర్పూర చక్కెరకేళిలో 33 క్రోమోజోములు, అంటే 11 రకాలు మూడేసి. ప్రతి మూడింటిలో రెండు ఒక పక్కకి, ఒకటి ఇంకో పక్కకి పోతాయి, ఏ పక్కకన్నది యాదృచ్ఛికం. 11 రకాల్లోనూ ఒకే తీరుగా పడి సరైన 11 గానీ 22 గానీ ఒక కణానికి చేరే అవకాశం కాగితం మీద 1024లో ఒకటి. పండు కోస్తే మధ్యలో కనిపించే నల్ల చుక్కలు గింజలు కాలేకపోయిన అండాలే.

అయితే మూడు సెట్లు ఉన్నందువల్ల గింజ పోతుంది, అంతే. ఫలదీకరణ లేకుండా కాయ ఊరడం అరటికి విడిగా ఉన్న గుణం. గింజలేని పుచ్చకాయా మూడు సెట్లదే, దానికీ 33 క్రోమోజోములే, కానీ పక్క సాలులో మామూలు పుచ్చ వేసి ఆ పుప్పొడి అందకపోతే పిందె ఊరదు.