ఉద్యోగం బెంగళూరులో, మనసు బండల మీద: రాక్ క్లైంబింగ్‌కు ఎక్కడికి వెళ్ళాలి?

మీరు భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నారు, ఖాజాగూడ గుట్టల మీద చేయి తిరిగింది, ఇప్పుడు ఏడాది ప్రాజెక్టు కోసం వచ్చి వైట్‌ఫీల్డ్ పీజీలో ఉంటున్నారు. బండి లేదు, తోడు లేదు, కన్నడం రాదు. ఎక్కడ ఎక్కాలి, ఎలా మొదలుపెట్టాలి, ఏడాది తరవాత ఇంకో ఊరికి వేస్తే ఏం చేయాలి అని అడిగారు. నేనూ హైదరాబాదు నుంచి వచ్చి, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఇదే వెతుకులాటలో పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మ్యాపులో కొండలు వెతకడం పక్కన పెట్టి, వారం మధ్యలో ఏదో ఒక సాయంత్రం కంఠీరవ స్టేడియానికి వెళ్ళండి. అక్కడ క్లైంబింగ్ వాల్, అంటే ఎక్కడం సాధన చేసే కృత్రిమ గోడ ఉంది. వైట్‌ఫీల్డ్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే మధ్యలో మారాల్సిన పని లేకుండా కబ్బన్ పార్కులో దిగవచ్చు. ప్రవేశం, వేళలు, రుసుము సంగతి అక్కడే అడిగి తెలుసుకోండి. నగరంలో కొండలెక్కేవాళ్ళు చాలామంది సాయంత్రాలు చేరేది ఇక్కడే. బౌల్డరింగ్, అంటే చిన్న గుండ్లు ఎక్కడం అయితే తాడు అక్కరలేదు కానీ, మిగతాదంతా తాడు రెండో కొస పట్టుకునే మనిషి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి దొరక్కుండా రామనగర దాకా వెళ్ళినా కొండను చూసి తిరిగి రావడమే.

వెళ్ళగానే ఎక్కడానికి వరుసలో నిలబడకండి. ముందు ఎవరికైనా బిలే చేస్తానని, అంటే వాళ్ళు ఎక్కుతుంటే కింద తాడు పట్టుకుంటానని అడగండి. తాడు శ్రద్ధగా పట్టేవాళ్ళను ఈ ఆటలో చాలా త్వరగా గుర్తుపెట్టుకుంటారు. నాకు శనివారం ప్రయాణాలకు పిలుపులు వచ్చింది నేను ఎక్కిన రూట్లను చూసి కాదు, బిలే చూసే. మీరు కూడా వాళ్ళను గమనించండి. ఎక్కే ముందు ఒకరి ముడిని, నడుముకు కట్టుకునే హార్నెస్ బకిల్‌ను మరొకరు చూస్తున్నారా? కింద తాడు పట్టుకున్న మనిషి ఒక చేత్తో ఫోను చూసుకుంటున్నాడా? అలాంటి మనిషి ఎంత గొప్పగా ఎక్కేవాడైనా సరే, అతని తాడుకు మిమ్మల్ని మీరు కట్టుకోకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. భాష గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. వాల్ దగ్గర కన్నడం, తెలుగు, హిందీ, తమిళం అన్నీ వినిపిస్తాయి. అయినా నాలుగు కన్నడ మాటలు నేర్చుకోండి. కొండ కింది ఊళ్ళలో అవే మీకు దారి చూపిస్తాయి.

నగరంలోనే అసలు రాయి కావాలంటే దక్షిణాన కనకపుర రోడ్డు వైపు తురహళ్ళి ఉంది. చిన్న అడవి, అందులో గ్రానైట్ గుండ్లు. ఆదివారం పొద్దున్నే క్రాష్ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మందపాటి పరుపులు) భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు ఉంటారు. అది అటవీ శాఖ స్థలం. ఏ భాగంలోకి రానిస్తున్నారో వాల్ దగ్గర కనుక్కుని, వాళ్ళతోనే వెళ్ళండి. గుండు చిన్నదే అనిపించినా, కింద ప్యాడ్ సరిగా జరిపే మనిషి లేకపోతే మడమ విరగడానికి ఆ ఎత్తు చాలు.

మైసూరు దారిలో యాభై కిలోమీటర్ల దూరంలో రామనగర. మెజెస్టిక్‌లోని ప్రధాన రైల్వే స్టేషన్‌లోనో కెంగేరిలోనో మైసూరు వైపు రైలు పట్టుకుంటే సొంత బండి అవసరమే ఉండదు. అక్కడి రాయిని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు, మన హైదరాబాదు గుట్టల వయసు కూడా ఇంచుమించు అంతే. ఆ గరుకుదనం, వేలికొనలను కోసే ఆ స్ఫటికాలు, పెద్ద బండల మధ్య నిలువు పగుళ్ళు అన్నీ ఖాజాగూడలో ఎక్కినవాళ్ళకు తెలిసినవే. మొదటి రోజే చేతులకు ఊరు కొత్తగా అనిపించదు. తాడు తగిలించుకోవడానికి రాతిలో బోల్టులు వేసిన రూట్లూ, పైనుంచి తాడు (టాప్ రోప్) కట్టుకునే చోట్లూ ఉన్న కొండలు చాలానే ఉన్నాయి.

రామదేవర బెట్ట జోలికి మాత్రం వెళ్ళకండి. 2012లో ఆ కొండను రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు, దేశంలో రాబందుల కోసం ఏర్పాటైన మొదటిది అదే. పొడుగు ముక్కు రాబందులు నిలువు బండల అరుగుల మీదే గూళ్ళు పెడతాయి, అంటే సరిగ్గా మనం ఎక్కాలనుకునే చోటే. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వల్ల దేశమంతటా రాబందులు కుప్పకూలిపోయాక మిగిలినవి అతి కొద్ది. ఎక్కడానికి మనకు వేరే కొండలున్నాయి, వాటికి లేవు. మీ బృందంలో ఎవరైనా ఒక్కసారే కదా అంటే గట్టిగా వద్దని చెప్పండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాగడి దగ్గరి సావనదుర్గ. సముద్రమట్టానికి 1,226 మీటర్ల ఎత్తు, ఆసియాలోని అతి పెద్ద ఏకశిలా కొండల్లో ఒకటి. కరిగుడ్డ, బిలిగుడ్డ అని రెండు భాగాలు. ఇక్కడ ఎక్కడం భువనగిరిలో నేర్చుకున్నదానికి వేరుగా ఉంటుంది. వాలుగా, నున్నగా, పట్టు అన్నది లేకుండా వందల అడుగులు సాగే బండ. చేతులు పట్టుకునేది ఏమీ ఉండదు. బూటు అడుగు భాగం మొత్తాన్ని రాతికి అదిమి, మడమ కిందికి దించి, బరువును కాళ్ళ మీదే ఉంచి నడవాలి. భయమేసినప్పుడు శరీరం దానంతట అదే బండకు అతుక్కోవాలని చూస్తుంది. అతుక్కుంటే కాలు జారుతుంది. నిటారుగా నిలబడితే నిలుస్తుంది. దీన్ని చదివి నేర్చుకోలేము, కాళ్ళే నేర్చుకోవాలి. పాత రూట్లలో బోల్టుకూ బోల్టుకూ మధ్య దూరం ఎక్కువ. లీడ్ చేస్తూ, అంటే తాడును బోల్టులకు తగిలించుకుంటూ అందరికంటే ముందు ఎక్కుతూ జారితే గాల్లో వేలాడడం ఉండదు, బండ మీద రాసుకుంటూ కిందికి రావడమే. అందుకే మొదట కొన్నాళ్ళు అనుభవం ఉన్నవాళ్ళ వెనక రెండోవారుగా ఎక్కండి. తెల్లవారకముందే బయలుదేరండి, మధ్యాహ్నానికి బండ కాలిపోతుంది. నీళ్ళు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ మోయండి. ఇంకొకటి, తేనెటీగలు. కొండ అంచుల కింద పెద్ద తేనెపట్లు కడతాయి. కింద నిలబడి ముందు రూటు మొత్తం కళ్ళతో వెతకండి. తేనెపట్టు కనిపిస్తే ఆ రోజు ఆ రూటు లేనట్టే. అత్తరు పూసుకోకండి, కేకలు వేయకండి, దగ్గరలో పొగ పెట్టనివ్వకండి.

మూడు నాలుగు రోజులు వరుసగా సెలవు దొరికితే హంపి, బాదామి. హంపి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే పొద్దునకు హంపి దగ్గరి హోసపేట. తుంగభద్ర నదికి ఇవతల గుళ్ళూ, మండపాలూ రక్షిత కట్టడాలు, వాటి రాళ్ళ మీద చేయి వేయకూడదు. బౌల్డరింగ్ ఎక్కువగా నది అవతల ఆనెగొంది, సణాపుర వైపు. బాదామికి గోల్‌గుంబజ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అక్కడిది ఎర్రటి ఇసుకరాయి, నిలువుగా లేచిన గోడలు, అడ్డంగా సాగే చక్కని అరలు. గ్రానైట్‌కు అలవాటు పడ్డ చేతులకు అది పండగే. అయితే ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది, పట్టు విరిగి చేతిలోకి వస్తుంది. వాన పడితే బాగా ఆరేదాకా ఆగండి. రూటు పాడైతే మళ్ళీ పుట్టదు. చాళుక్యుల గుహాలయాలు ఆ కొండల్లోనే ఉన్నాయి కనుక ఏ గోడకు అనుమతి ఉందో స్థానికంగా అడిగాకే తాడు విప్పండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే మంచి కాలం, చల్లని రాతికి బూటు బాగా పట్టుకుంటుంది. సామానులో బూట్లు, హార్నెస్, హెల్మెట్, బిలే పరికరం మీ సొంతానివే ఉండాలి. తాడు ఇప్పుడే కొనకండి, బృందంలో ఎవరి దగ్గరో ఉంటుంది. లీడింగ్ పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే కర్ణాటక ప్రభుత్వానికి చెందిన జనరల్ తిమ్మయ్య సాహస అకాడమీ శిక్షణ శిబిరాలు నడుపుతుంది, అడిగి చూడండి.

ఏడాది తరవాత ఎక్కడికి వేసినా పద్ధతి ఇదే, ముందు వాల్, తరవాత కొండ. ఢిల్లీ అయితే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ ఆవరణలో వాల్ ఉంది, అక్కడివాళ్ళు వారాంతాల్లో ఫరీదాబాదు దగ్గరి ధౌజ్‌కు వెళతారు, ఆరావళి క్వార్ట్‌జైట్ రాయి. ముంబయి అయితే 1954 నుంచి ఉన్న గిరివిహార్ క్లబ్బును వెతకండి. 2016లో నవీ ముంబయిలో బౌల్డరింగ్ ప్రపంచ కప్ పోటీ జరగడంలో వాళ్ళ కృషి ఎంతో ఉంది. ప్రస్తుతానికి వచ్చే వారంలో ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని కంఠీరవకు వెళ్ళి రండి. బూట్లు, హార్నెస్ ఆఫీసు సంచిలోనే పెట్టుకుని వెళితే మళ్ళీ పీజీకి వెళ్ళి రావాల్సిన పని ఉండదు.