ఒకే సమస్యను వేరే మాటల్లో అడిగితే ఊరి నిర్ణయం మారుతుందా?

మారుతుంది. మా ఊళ్ళో మారడం నేను కళ్ళారా చూశాను.

2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు వేల ఎకరాలు ఊడ్చకుండా, అంటే వరి నాట్లు వేయకుండా వదిలేశారు. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసేంత పెద్ద సంగతి అది. దానికి బయట స్థిరపడిన పేరు మాత్రం క్రాప్ హాలిడే. పెట్టుబడి తిరిగి రాక చేను బీడు పెట్టుకోవడాన్ని సెలవు అనడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ జూన్‌లో మా రామాలయం అరుగు మీద పెట్టిన ప్రశ్న ఒక్కటే: ‘నాట్లు వేద్దామా, మానేద్దామా?’ అలా అడిగేసరికి మాటలన్నీ మద్దతు ధర చుట్టూ తిరిగాయి. ధర ఊరి చేతిలో లేదు కాబట్టి ఊరు చేయగలిగింది మానేయడమే. చేతులన్నీ అటే లేచాయి. కౌలు రైతైన మా నాన్న అరుగు కిందే నిలబడి విన్నారు.

ట్వెర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో ప్రచురించిన ప్రయోగం గురించి చాలా తర్వాత చదివాను. 600 మందికి ముప్పు తెచ్చే ఒక జబ్బు ఉందనుకోమన్నారు. ఫలితం ఖాయం కాని మరో పథకాన్ని కాదని, ‘200 మంది కచ్చితంగా బతుకుతారు’ అన్న పథకాన్ని 72 శాతం మంది ఎంచుకున్నారు. దాన్నే ‘400 మంది చనిపోతారు’ అని మరో బృందానికి చెబితే ఎంచుకున్నది 22 శాతమే. చదువుతుంటే ఆ అరుగే గుర్తొచ్చింది.

మరుసటి ఏడాది మే నెలలో మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి ఒక పెద్దాయన లేచారు. “వెయ్యడం, మానడం తర్వాత చూద్దామండీ. నవంబరులో తుపాను వాన పడితే మన చేలో నీళ్ళు ఎన్నాళ్ళకు దిగుతాయో ముందు చెప్పండి” అన్నారు. ఎవరూ పలకలేదు. అందరం లేచి మురుగు కాలువ తూము దగ్గరికి నడిచాం. గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే, ఒక కొంగ దాని మీదే నడుచుకుంటూ అవతలి గట్టుకు పోయింది. వెదురు గడ దించితే మోకాలి లోతులోనే బురద తగిలింది.

అక్కడే నిలబడి ఎకరానికి ఇంత అని చందా వేసుకుని డెక్క తీయించాలని, పూడిక కోసం అర్జీ పెట్టాలని తీర్మానించాం. ముంపు అందరి చేలకూ ఒకటే కనుక కౌలు రైతులూ మాట్లాడారు. ఏ తూము దగ్గర నీళ్ళు నిలుస్తాయో మా నాన్నే చూపించారు. ఆ ఏడాది ఊరు ఊడ్చింది.

అయితే ఆ రెండు ప్రశ్నల్లోనూ కూలీలు లేరు. నాట్లు మానేద్దామా అని అడిగిన రోజు ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు. మా పిన్ని ఆ సార్వా అంతా పనికోసం పొద్దున్నే ఆటో ఎక్కి పక్క మండలానికి వెళ్ళింది.