ఆడియో సిస్టమ్‌కు పవర్ కండిషనర్ కొనేముందు చూసుకోవలసినవి

స్పీకర్లలో ఆగకుండా సన్నగా గుయ్‌మనే మోత, ఫ్రిజ్ ఆగినప్పుడల్లా టప్‌మనే చప్పుడు, వోల్టేజీ ఎప్పుడు ఎలా ఉంటుందోనన్న భయం. ఈ మూడింటికీ కలిపి ఒక పవర్ కండిషనర్ కొంటే సరిపోతుందా, తక్కువ ధరలో ఏది తీసుకోవాలి అని అడిగారు. మీ దగ్గర ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్, డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం), సబ్‌వూఫర్, కేబుల్ టీవీ పెట్టె ఉన్నాయని, అవన్నీ ఒకదానికొకటి కలిపి ఉన్నాయని రాశారు. దాదాపు ఇలాంటి సిస్టమ్‌తోనే నేను చాలాకాలంగా పాటలు వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు నేరుగా జవాబు. మంచి సర్జ్ రక్షణ, దానితో పాటు ఒక మోస్తరు నాయిస్ ఫిల్టర్ ఉన్న పవర్ బోర్డు తీసుకోండి. మీ సిస్టమ్‌కు అంతకు మించి అక్కర్లేదు. అయితే మీరు చెప్పిన మోత మాత్రం దానితో పోయే అవకాశం చాలా తక్కువ. ఎందుకో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

పవర్ కండిషనర్ అన్న పేరుతో పూర్తిగా వేర్వేరు పనులు చేసే పరికరాలు అమ్ముతారు. ఒకటి మెరుపులా వచ్చిపడే అధిక వోల్టేజీని, అంటే సర్జ్‌ను, అడ్డుకుంటుంది. ఇంకొకటి కరెంటు తీగల్లో కలిసివచ్చే అధిక ఫ్రీక్వెన్సీ రొదను వడగడుతుంది. వేరొకటి వోల్టేజీ పెరిగినా తగ్గినా సరిచేస్తుంది, దాన్ని మనం స్టెబిలైజర్ అంటాం. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటును మొదటి నుంచి మళ్లీ తయారుచేసి ఇచ్చే రీజనరేటర్లు ఇంకో తరగతి. అవి బరువైనవి, ఖరీదైనవి. తక్కువ బడ్జెట్ అన్నారు కాబట్టి వాటిని పక్కన పెట్టేద్దాం.

ఇప్పుడు మోత సంగతి. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ అయితే మోత 50 లేదా 100 హెర్ట్జ్‌లో వినిపిస్తుంది. సరఫరా 60 హెర్ట్జ్ ఉన్నచోట 60 లేదా 120. బోర్డులో ఉండే ఫిల్టర్ సుమారు వంద కిలోహెర్ట్జ్ నుంచి పైన ఉన్న రొద మీద బాగా పనిచేసేలా తయారవుతుంది. అసలు అది 50 హెర్ట్జ్‌ను అడ్డుకుంటే మీ యాంప్లిఫయర్‌కు కరెంటే అందదు. కాబట్టి ఏ ఫిల్టర్ అయినా ఈ మోతను ముట్టుకోలేదు. ఇలాంటి మోతకు ఎక్కువసార్లు కారణం గ్రౌండ్ లూప్. రెండు పరికరాలకు వేర్వేరు దారుల్లో ఎర్త్ అందుతూ, మధ్యలో ఆడియో కేబుల్ వాటిని కలిపినప్పుడు ఆ కేబుల్ షీల్డులో, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగులో, చిన్న కరెంటు ప్రవహిస్తుంది. యాంప్లిఫయర్ దాన్ని కూడా సిగ్నలే అనుకుని పెంచి వినిపిస్తుంది.

మా ఇంట్లో మోత మొదలైనప్పుడు తెలిసినవారి దగ్గర నుంచి మంచి పేరున్న కండిషనర్ ఒకటి తెచ్చి పెట్టి చూశాను. ఏ మార్పూ లేదు. తర్వాత యాంప్లిఫయర్ వెనక ఉన్న ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేశాను. స్పీకర్లు పూర్తిగా నిశ్శబ్దం. అంటే దోషం కరెంటులో లేదు, యాంప్లిఫయర్‌లోనూ లేదు. ఒక్కొక్క కేబులే తిరిగి తగిలిస్తూ వచ్చాను. టీవీ పెట్టె నుంచి వచ్చే తీగ తగలగానే మోత వచ్చింది. పెట్టె వెనక ఉన్న కేబుల్ టీవీ తీగ మర విప్పగానే ఆగిపోయింది. ఆ తీగ బయట ఎక్కడో వేరే ఎర్త్‌కు కలిసి ఉంది. టీవీ పెట్టె నుంచి యాంప్లిఫయర్‌కు ఉన్న మామూలు ఆడియో తీగ తీసేసి, దాని బదులు పెట్టె నుంచి డాక్‌కు ఆప్టికల్ తీగ పెట్టాను. దానిలో వెళ్లేది వెలుతురే కానీ కరెంటు కాదు, కాబట్టి లూప్ తెగిపోయింది. మోత మళ్లీ రాలేదు. మీ డాక్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే ముందు ఈ పరీక్ష చేసి చూడండి. యాంప్లిఫయర్ ఆపి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించాకే కేబుళ్లు పీకడం, పెట్టడం చేయండి. సబ్‌వూఫర్‌ను కూడా అదే పద్ధతిలో విడిగా పరీక్షించండి. అది గదిలో అవతలి మూల వేరే సాకెట్‌లో ఉంటే, అన్నిటినీ ఒకే బోర్డు మీదకు తెచ్చినా మోత చాలావరకు తగ్గుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోత పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని, ఎర్త్ తీగ తెంపమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మోత పోవచ్చు కూడా. కానీ లోపల ఏదైనా తీగ ఊడి బాడీకి తగిలిందంటే, మీరు ముట్టుకున్న వాల్యూమ్ నాబ్ మీద పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఏ శబ్దం కోసమూ ఆ పని చేయవద్దు.

ఎర్త్ గురించే ఇంకో సంగతి. ఫిల్టర్‌లో ఫేజు నుంచి ఎర్త్‌కు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రొదను అవి ఎర్త్‌లోకి పంపిస్తాయి. గోడలోని సాకెట్‌కు నిజంగా ఎర్త్ లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య బోర్డు బాడీ, దానితో పాటు మీ పరికరాల బాడీ అంతా దాదాపు సగం వోల్టేజీలో వేలాడుతుంది. చేత్తో ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. అంటే ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఫిల్టర్ మేలు చేయకపోగా కొత్త చిక్కు తెస్తుంది. బోర్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి. మీ బడ్జెట్‌లో అన్నిటికన్నా బాగా ఖర్చుపెట్టిన డబ్బు అదే అవుతుంది.

సర్జ్ రక్షణ దగ్గర మాత్రం నాణ్యత చూసి తీరాలి. పరిచయస్థుల ఇంట్లో పాత చౌక సర్జ్ బోర్డు ఒకటి విప్పి చూశాను. లోపల చొక్కా బొత్తామంత నీలిరంగు బిళ్ల ఒకే ఒక్కటి, ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య. దాని పేరు వేరిస్టర్, సర్జ్‌ను మింగేది అదే. పైపూత ఒక పక్క పగిలి, కింద ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. అది ఎప్పుడో చచ్చిపోయింది. అయినా పైన ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ దీపం కరెంటు ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. వేరిస్టర్ దెబ్బ తగిలిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఒకరోజు పూర్తిగా పోతుంది. అందుకే రక్షణ ఇంకా పనిచేస్తోందని చెప్పడానికి విడిగా దీపం ఉన్న బోర్డు కొనండి. రక్షణ పోగానే కరెంటు కూడా ఆపేసేది దొరికితే ఇంకా మంచిది. వేరిస్టర్‌లు ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడు చోట్లా ఉన్నాయని పెట్టె మీద రాసి ఉండాలి. వేడెక్కితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు తప్పనిసరి. ఎంత సర్జ్ శక్తిని మింగగలదో చెప్పే జౌల్స్ అంకె ఎక్కువుంటే ఎక్కువకాలం మన్నుతుంది. కానీ ఎంత వోల్టేజీ దగ్గర సర్జ్‌ను నిలిపేస్తుంది అన్న అంకె దానికంటే ముఖ్యం. అది ఎంత తక్కువుంటే అంత మేలు. 120 వోల్టుల దేశాల్లో యూఎల్ 1449 ప్రమాణంలో అన్నిటికన్నా తక్కువ తరగతి 330 వోల్టులు. 230 వోల్టుల దేశాల్లో ఐఈసీ 61643 ప్రమాణం ప్రకారం ఆ అంకె సాధారణంగా కిలోవోల్టుల్లో రాసి ఉంటుంది. దగ్గర్లో పిడుగు పడితే ఇవేవీ పూర్తిగా ఆపలేవు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయండి, కేబుల్ టీవీ తీగ కూడా.

సర్జ్ వేరు, గంటల తరబడి వోల్టేజీ పెరిగి ఉండడం వేరు. త్రీ ఫేజ్ సరఫరాలో న్యూట్రల్ తెగిపోతే ఒక ఇంటికి 230 వోల్టుల బదులు 350కి పైగా కూడా రావచ్చు. అప్పుడు వేరిస్టర్ కొద్ది సెకన్లలో మాడిపోతుంది. ఈ భయం ఉంటే, వోల్టేజీ పరిమితి దాటగానే సరఫరా తెంచేసి, మామూలు స్థితికి వచ్చాక కాసేపు ఆగి మళ్లీ కలిపే రక్షణ పరికరం పెట్టుకోండి. ఇది స్టెబిలైజర్ కంటే చౌక, చిన్నది. నేను వాడేది ఇదే, సర్జ్ బోర్డుకు ముందు.

స్టెబిలైజర్ అవసరమా అంటే, చాలామందికి అవసరం లేదనే నా అభిప్రాయం. డాక్‌లు, టీవీ పెట్టెల అడాప్టర్లలో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా తట్టుకుంటాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు యాంప్లిఫయర్‌కు వోల్టేజీ 10 శాతం తగ్గిందనుకోండి, దాని గరిష్ఠ శక్తి సుమారు 19 శాతం తగ్గుతుంది. వినడానికి పెద్దగా అనిపిస్తుంది, కానీ అది ఒక డెసిబెల్ కంటే తక్కువ. గదిలో మామూలుగా వినేటప్పుడు మీకు తేడాయే తెలియదు. రోజూ వోల్టేజీ పరికరం మీద రాసిన హద్దులు దాటుతుంటేనే స్టెబిలైజర్ గురించి ఆలోచించండి. బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే తరంగం ఇచ్చే మామూలు యూపీఎస్‌ను యాంప్లిఫయర్‌కు పెట్టవద్దు, ట్రాన్స్‌ఫార్మర్ మోగుతుంది.

సైజు విషయంలో పరికరాల వెనక రాసిన వాట్లు కూడి, దానికి రెట్టింపు తట్టుకునే బోర్డు చూడండి. యాంప్లిఫయర్‌లోని కెపాసిటర్లు తరంగం శిఖరం దగ్గర మాత్రమే, కొద్ది క్షణాల పాటు గుంజినట్టుగా కరెంటు తీసుకుంటాయి. ఆన్ చేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. సన్నటి తీగ, వదులు సాకెట్లు ఉన్న బోర్డు అక్కడే దొరికిపోతుంది. ప్లగ్గు పెట్టి కొద్దిగా కదిపి చూడండి. కదిలితే వద్దు. శబ్దంలో లోతు వస్తుంది, పాట మీ ముందు ఇంకా పెద్ద వేదిక మీద పాడినట్టు విస్తరిస్తుంది అని పెట్టె మీద రాసి, లోపల ఏముందో ఒక్క అంకె కూడా చెప్పని వాటిని కొనకండి.

స్పీకర్లలోంచి కాకుండా యాంప్లిఫయర్ పెట్టెలోంచే మోత వస్తోందేమో కూడా ఒకసారి చెవి ఆనించి చూడండి. కొన్ని హెయిర్ డ్రయ్యర్లు తక్కువ వేడి దగ్గర సగం తరంగమే వాడుకుంటాయి. దానితో కరెంటు తీగల్లో కాస్త డీసీ చేరి, గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఘీమంటుంది. డ్రయ్యర్ ఆపితే ఆగుతుంది. అదే మీ సమస్య అయితే డీసీ బ్లాకర్ అనే వేరే పరికరం కావాలి, మామూలు కండిషనర్‌లో అది సాధారణంగా ఉండదు.

ఇక ఫ్రిజ్ చప్పుడు. థర్మోస్టాట్ మోటారును ఆపేటప్పుడు దాని కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ రేపిన రొద తీగల్లోనూ గాల్లోనూ వస్తుంది. తీగల్లో వచ్చేదాన్ని మీ బోర్డులోని ఫిల్టర్ తగ్గిస్తుంది, ఇక్కడ మాత్రం అది నిజంగా పనికొస్తుంది. ఫ్రిజ్‌ను మాత్రం ఆ బోర్డుకు తగిలించవద్దు, వేరే సర్క్యూట్‌లో ఉంచండి. ఫిల్టర్ పెట్టాక కూడా చప్పుడు అంతే ఉంటే అది గాల్లోంచి మీ సిగ్నల్ కేబుళ్లలోకి దూరుతున్నట్టు. అప్పుడు కేబుళ్లు పొట్టివి, మంచి షీల్డు ఉన్నవి వాడి, యాంప్లిఫయర్ చివర ఫెరైట్ క్లిప్పులు (కేబుల్ చుట్టూ బిగించి రొదను తగ్గించే చిన్న బిళ్లలు) బిగించండి. అప్పటికీ తగ్గకపోతే ఫ్రిజ్ మెకానిక్‌తో కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వను అణిచే స్నబ్బర్ అనే చిన్న భాగం పెట్టించండి. రవ్వ పుట్టేచోటే ఆపడం అన్నిటికన్నా ఖాయమైన పద్ధతి.