రోల్ ప్లేయింగ్ గేమ్ చేస్తానన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో, ఆటగాడే ఒక పాత్రగా మారి కథ నడిపించే గేమ్ తయారు చేయబోతున్నావని అక్కయ్య చెప్పినప్పుడు గర్వమూ గుబులూ కలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడాది ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకో. రోజూ బ్యాకప్ తీసుకో. కథంతా సినిమాలా చూపిస్తానన్నావట, నాకు భయమంతా ఆ మాటతోనే.

పదిహేనేళ్ల క్రితం మా స్టూడియోలో, కోట ద్వారం దగ్గర ముసలి కాపలాదారు శత్రువు చేతిలో చనిపోయే నాలుగు నిమిషాల కట్‌సీన్‌ను, అంటే ఆటగాడి చేతిలో ఏమీ లేకుండా సినిమాలా నడిచే ఘట్టాన్ని, నేనే పట్టుబట్టి చేయించాను. నటుల గొంతులు రికార్డు చేశాం. ఆ ముసలాయన ముఖంలో బాధ పలికించడానికి యానిమేటర్లు రెండు నెలలు కష్టపడ్డారు. ఆడి చూడటానికి వచ్చిన ఒక కుర్రాడు ఆయన మీద అభిమానంతో తన మంచి కవచాన్ని ఆయనకే ఇచ్చి, శత్రువు రాకముందే ద్వారం మూసి, హమ్మయ్య అనుకున్నాడు. అంతలో కట్‌సీన్ మొదలైంది. ద్వారం తెరిచే ఉంది, ఒంటి మీద కవచం లేదు, ముసలాయన చనిపోయాడు. "మరి నేను చేసిందంతా దేనికండీ?" అని అడిగి ఆ కుర్రాడు కంట్రోలర్ కింద పెట్టేశాడు. అది రాతలో ఉన్న సంభాషణే అయితే ఒక్క పూటలో మార్చేవాణ్ణి. రికార్డింగ్, యానిమేషన్ మళ్లీ చేయించడానికి డబ్బు మిగలలేదు. గేమ్ అలాగే విడుదలైంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

2002లో వచ్చిన మారోవిండ్ అనే గేమ్‌లో సంభాషణ చాలావరకు తెర మీద చదువుకునే రాతే. కథకు కీలకమైన పాత్రను చంపేసినా, ముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లడమో చెడిన లోకంలోనే కొనసాగడమో నీ ఇష్టానికే వదిలేస్తుంది. దాని తర్వాత అదే వరుసలో 2006లో వచ్చిన, అందరికీ గొంతులిచ్చిన ఆబ్లివియన్‌లో అలాంటి పాత్రలు చావకుండా స్పృహ తప్పి మళ్లీ లేస్తాయి. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ సినిమానూ స్వేచ్ఛనూ కలిపి చూపింది కదా అంటావేమో. దాని వెనుక వందల మంది ఉన్నారు తల్లీ, మీరు ముగ్గురే. అందుకే ముందు మొత్తం రాతలోనే పెట్టి పదిమంది చేత ఆడించు. ఆటగాళ్లు ఏ దారిన వెళ్లినా తప్పక జరిగే ఘట్టాలేవో తేలాక, వాటికి మాత్రమే కెమెరా పెట్టు.

పదేళ్ల వయసులో వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చి, అదే మారోవిండ్‌లో అసలు కథ వదిలేసి, సాయంత్రమంతా ఒక ఖాళీ ఇంట్లో గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నావు. అన్నానికి పిలిస్తే, "ఇంకా దీపం పెట్టలేదు మామయ్యా" అన్నావు. నీ గేమ్‌లో అలాంటి పిల్లకు చోటుంచు.

వేళకు తిను. రికార్డింగ్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం నాకొకసారి ఫోన్ చెయ్యి.

మామయ్య