రోజూ ప్రార్థన చేస్తున్నా నా కోపం తగ్గట్లేదు. మారుమనస్సు అంటే అసలు ఏమిటి?

మన దగ్గర మారుమనస్సు అనగానే కన్నీళ్లే గుర్తొస్తాయి. కొత్త నిబంధన గ్రీకులో ఆ చోట ఉన్న మాట ‘మెటనోయ’, అంటే ఆలోచన తిరగడం. ఏడుపు రావచ్చు, రాకపోవచ్చు.

లూకా 19లో జక్కయ్యను చూడండి. యెరికోలో సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు, డబ్బున్నవాడు, పొట్టివాడు; యేసును చూడటానికి మేడిచెట్టెక్కాడు. యేసు తన ఇంటికి వచ్చాక అతను ఏడ్చినట్టు ఎక్కడా లేదు, లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు వెనక్కి. మార్పు మొదట డబ్బు సంచిలోనే కనబడింది. (అందుకేనేమో మన ప్రసంగాలు ఆ మేడిచెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాయి!)

ఇక మీ కోపం. మత్తయి 5:23-24 సూటిగా చెబుతుంది: అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీమీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే వదిలేసి వెళ్లి, ముందు సమాధానపడు. అంటే ప్రార్థన మధ్యలో లేచి వెళ్లడం కూడా భక్తే. ఎవరిమీద అరిచారో వాళ్లకు ఈ రాత్రే ఫోన్ చేయండి. ‘తప్పు నాదే’ అన్నాక ‘కానీ నువ్వు కూడా...’ అనకుండా ఆగండి. నాకైతే మోకాళ్లమీద గంటసేపు ఉండటం కంటే అదే కష్టం.

మనసు తిరిగితే అది సేవలో కూడా కనబడాలి. కానీ సేవంటే పాస్టరుగారి పని అనుకుంటాం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి సంప్రదాయం) తొలి భారతీయ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య అలా అనుకోలేదు. తమిళుడైనా తెలుగు నేర్చుకుని, బాప్తిస్మం తీసుకున్నవాళ్లచేత తమ తలమీదే చెయ్యి పెట్టించి ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అయ్యో నాకు)’ అనిపించేవారు. వాళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు.