‘ఈ ఒక్కసారికే’ అన్నప్పుడు…

కొలువు శీర్షిక: బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ప్రశ్న: పీణ్యలో అల్యూమినియం హౌసింగులు మెషినింగ్ చేసే చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. మాది మదనపల్లె. 6002 బేరింగ్ కూర్చునే బోరు (రంధ్రం), డ్రాయింగ్‌లో 32 హెచ్7. పోయిన వారం 400 ముక్కల లాటులో 38 ముక్కలకు 32.031 నుంచి 32.036 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. టెంపో గేటు దగ్గర నిలబడి ఉంది. ఓనరుగారు ‘పది మైక్రాన్లకు కొంపలేం మునగవు, ఈ ఒక్కసారికి రిపోర్టు సరిచేసి పంపించెయ్’ అన్నారు. నేను పంపలేదు. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. నాది తప్పా?

జవాబు: ఆపడం తప్పు కాదు. కాకపోతే ఆపే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చేశారో లేదో మీరు రాయలేదు. ముక్కలు చల్లారాక మళ్ళీ కొలిచారా?

32 హెచ్7 అంటే 32.000 నుంచి 32.025 మిల్లీమీటర్ల వరకు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. డ్రాయింగ్‌లోని కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. అల్యూమినియం మీటరుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. 32 మిల్లీమీటర్ల బోరు పది డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 7 మైక్రాన్లు పెద్దదిగా చూపిస్తుంది. మెషిన్ నుంచి తీసి వెంటనే కొలిచిన 32.031 చల్లారాక 32.024 కావచ్చు, అంటే మంచి ముక్క. ఇంకో తిరకాసు కూడా ఉంది. బోర్ గేజ్‌ను సెట్ చేసే రింగు ఉక్కుది. ఉక్కు పెరుగుదల అల్యూమినియంలో సగమే. గది 30 డిగ్రీలుంటే, రింగూ ముక్కా ఒకే వేడిలో ఉన్నా మూడు నాలుగు మైక్రాన్లు ఎక్కువ పడుతుంది. కాబట్టి ఆ 38 ముక్కలను, గేజ్‌ను, రింగును ఒకే సర్ఫేస్ ప్లేటు మీద రెండు గంటలు ఉంచి, ఒక్కో బోరును రెండు లోతుల్లో, అడ్డంగా నిలువుగా కొలిచి రాసుకోండి. 32.036 వచ్చినవి దీంతో గట్టెక్కకపోవచ్చు గానీ 38 కాస్తా 15కో 20కో తగ్గే అవకాశం ఉంది. విలువల గురించి వాదించబోయే ముందు కొలత గట్టిగా ఉండాలి. లేదంటే రేపు ఎవరో చల్లారిన ముక్క తెచ్చి చూపిస్తారు, ఆ తర్వాత మీరు ఏది ఆపినా ‘వీడికి చాదస్తం’ అంటారు.

మళ్ళీ కొలిచినా మిగిలినవాటిని ఎర్ర బిన్‌లో వేసి ట్యాగు కట్టండి. పార్టు నంబరు, లాటు, షిఫ్టు, ఎన్ని ముక్కలు, కనిష్ఠం, గరిష్ఠం, తేదీ అందులో ఉండాలి. మీరు 400 పూర్తిగా కొలిచారు కాబట్టి ఇబ్బంది లేదు. 25 ముక్కలకు ఒకటి చొప్పున కొలిచే చోటైతే, చివరిసారి బాగున్న ముక్క తర్వాత తయారైనవన్నీ అనుమానితాలే. చాలా యూనిట్లు తప్పేది ఇక్కడే. దొరికిన ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టి, దాని ముందున్న 24ను పెట్టెలో సర్దేస్తారు.

ఆ తర్వాత కస్టమర్‌కు డీవియేషన్ (కొలత తేడాగా ఉన్నా తీసుకుంటామన్న అనుమతి) అడగండి. ఓనరుగారు చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. పది మైక్రాన్లకు రేపే బేరింగ్ ఊడి పడదు. బోరు వదులైతే బేరింగ్ బయటి రింగు హౌసింగ్‌లో మెల్లగా తిరుగుతూ అల్యూమినియాన్ని అరగదీస్తుంది. అది ఎన్నాళ్ళకు బయటపడుతుందో ఆ చోట పడే లోడును బట్టి ఉంటుంది. ఆ లోడు మీకు తెలియదు, ఓనరుగారికీ తెలియదు, డ్రాయింగ్ గీసినవాళ్ళకే తెలుసు. అందుకే అనుమతి ఇవ్వాల్సింది వాళ్ళు. మీరు ఆటోమొబైల్ సప్లయర్లయితే వాహన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఐఏటీఎఫ్ 16949 కూడా ఇదే చెబుతుంది: ఆమోదించినదానికి తేడాగా ఉన్న సరుకుకు ముందుగానే కస్టమర్ అనుమతి తీసుకోవాలి. మెయిల్ పర్చేజ్ వాళ్ళకు కాదు, వాళ్ళ క్వాలిటీకి వెళ్ళాలి. పర్చేజ్ వాళ్ళకు సరుకు కావాలి కాబట్టి ఫోన్లో ‘పంపండి, చూసుకుందాం’ అంటారు. లైను ఆగిన రోజున ఆ మాట ఎవరికీ గుర్తుండదు. డ్రాయింగ్ రివిజన్, ఉండాల్సిన కొలత, ఉన్న కొలత, ముక్కల సంఖ్య, కారణం, మళ్ళీ రాకుండా ఏం చేశారు… ఇవన్నీ ఒక పేజీలో రాయండి. ఒప్పుకుంటే వేరే పెట్టెలో, ట్యాగుతో పంపండి. మంచి ముక్కల్లో కలపకూడదు.

ఓనరుగారితో ‘ఇది అన్యాయం సార్’ అని మొదలుపెట్టకండి. ‘362 ఇప్పుడే ఎక్కిస్తాను సార్, మిగిలిన 38 సోమవారానికి కొత్తవి చేసిద్దాం’ అని మొదలుపెట్టండి. టెంపో ఖాళీగా వెనక్కి పోదు. గొరగుంటెపాళ్య సిగ్నల్ దాటి ఆ టెంపో ఇంకోసారి వెళ్ళిరావడానికి ఎంతవుతుందో, కస్టమర్ దగ్గర మొత్తం లాటును ఏరించి ఆ ఖర్చు మన మీద రాస్తూ డెబిట్ నోట్ వేస్తే ఎంతవుతుందో రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించండి. చిన్న యూనిట్ యజమాని మీద నెలాఖరు జీతాల బరువుంటుంది. ఆయన భయం డబ్బు గురించి కాబట్టి జవాబు కూడా డబ్బు లెక్కలోనే చెప్పాలి.

రిపోర్టులో అంకె మాత్రం మార్చకండి. 1986 జనవరి 27 రాత్రి అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రయోగానికి ముందు జరిగిన టెలిఫోన్ సమావేశంలో రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు అంత చలిలో బూస్టర్ అతుకుల్లోని రబ్బరు ఓ–రింగులు సరిగా మూసుకోవని మొత్తుకున్నారు. అప్పుడు ఒక పెద్ద అధికారి తన కింది ఇంజినీరింగ్ అధికారితో, ఇంజినీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమన్నాడు. మర్నాడు 73వ సెకనులో ఛాలెంజర్ ముక్కలైంది, ఏడుగురు పోయారు. ఆ రాత్రి తలకిందులైంది ప్రశ్న. ఎగరడం క్షేమమని రుజువు చేయాల్సింది పోయి, ప్రమాదమని రుజువు చేసే భారం ఇంజినీర్ల మీద పడింది. ‘పది మైక్రాన్లకు కొంపలేం మునగవు’ అన్నప్పుడు మీకు జరిగిందీ అదే. ‘ఏమీ కాదని వాళ్ళ చేత రాయిద్దాం సార్’ అన్నది దానికి సరైన సమాధానం. అయినా ఒప్పుకోకపోతే ఉన్న కొలతలే రాసి, పంపే నిర్ణయం దగ్గర ఆయన సంతకం అడగండి. అందరూ తలో చెయ్యీ వేస్తే తిలా పాపం తలా పిడికెడు అయిపోతుంది. ఒక్క పేరు పెట్టమంటే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు.

ప్రశ్న: అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. పదకొండు మందిలో నాతో కలిపి ఐదుగురం తెలుగువాళ్ళం. ఈసారి ఉద్యోగుల సర్వేలో ఎవరో ‘ఇక్కడ నిర్ణయాలు తెలుగులో జరుగుతాయి’ అని రాశారు. నేనెప్పుడూ పక్షపాతం చూపించలేదు. రాసిందెవరో తెలిస్తే కూర్చోబెట్టి మాట్లాడదామని ఉంది.

జవాబు: వెతకకండి. ఆరుగురిలో ఒకరిని ఊహించడం కష్టం కాదు, ఊహించారన్న సంగతి మిగతావాళ్ళకు తెలియడం అంతకంటే తేలిక. వచ్చే సర్వేలో అందరూ ఐదుకు నాలుగు వేసి ఊరుకుంటారు. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. నాయకత్వం బాగున్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడ పొరపాటు జరిగితే చెప్పుకోవడానికి భయపడలేదన్నమాట. మీ టీమ్‌లో ఒకరు ఆ వాక్యం రాయగలిగారంటే మీ మీద ఇంకా కాస్త నమ్మకం మిగిలి ఉంది.

ముఖం చూసి బొట్టు పెట్టారని మిమ్మల్ని ఎవరూ అనడం లేదు. జరిగేది బహుశా ఇలా ఉంటుంది. పదకొండింటికి టీ దగ్గర తెలుగువాళ్ళంతా నిలబడతారు. క్లయింటు కొత్త మాడ్యూల్ అడుగుతున్నాడని మీరంటారు. ఎదురుగా ఉన్నతను ‘నేను చూస్తానన్నా’ అంటాడు. మర్నాడు రోజువారీ చిన్న సమావేశమైన స్టాండప్‌లో అది అప్పటికే తేలిపోయిన విషయంలా వినిపిస్తుంది. ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. కానీ ఆ టీ దగ్గర లేని కన్నడ అమ్మాయికి, మలయాళీ అబ్బాయికి ఆ పని అడిగే వీలే రాలేదు.

ఉద్దేశం గురించి తర్జనభర్జన వద్దు, లెక్క తీయండి. గత ఆరు నెలల టికెట్లు (పనుల నమోదులు), ఆన్‌కాల్ రోస్టర్ (అత్యవసర డ్యూటీల పట్టిక) ముందు పెట్టుకుని పదకొండు పేర్లకు ఎదురుగా నాలుగు గడులు గీయండి: కొత్త డిజైన్ పనులు, క్లయింటు ముందు చేసిన డెమోలు, శని–ఆదివారం రిలీజులు, పాత బగ్గుల సవరణ. గంటన్నర పని. మొదటి రెండు గడులు తెలుగువాళ్ళ వైపు, చివరి రెండు మిగతావాళ్ళ వైపు బరువెక్కితే ఆ వాక్యం రాసినవాళ్ళది భ్రమ కాదు. సమానంగా వస్తే సమస్య పని పంపకంలో లేదు, సమాచారంలో ఉంది.

రెండింటికీ మందు ఒకటే. కొత్త పని ఏదైనా టీమ్ ఛానెల్‌లో పెట్టి, కనీసం ఒక పూర్తి రోజు ఆగాకే ఒకరికి ఇవ్వండి. టీ దగ్గర పని మాట దొర్లితే ఆ సాయంత్రంలోపు ఇంగ్లిషులో రెండు లైన్లు రాసెయ్యండి. మాట్లాడుతుండగా తెలుగు రాని మనిషి వస్తే భాష మారాలి. తెలుగు మాట్లాడకూడదని నిషేధం మాత్రం పెట్టకండి. కూకట్‌పల్లి కబుర్లు, పెళ్ళి భోజనాలు ఎవరికీ అడ్డు కాదు. నిషేధిస్తే ఆ కబుర్లు వాట్సాప్ గ్రూపులోకి పోతాయి, వాటితోపాటు పని మాటలూ పోతాయి. సర్వే ఫలితం వచ్చిన రెండు వారాల్లోపు టీమ్ మొత్తానికి ‘ఈ వాక్యం చదివాను, ఈ లెక్క తీశాను, ఈ రెండు మారుస్తున్నాను’ అని చెప్పండి. సంజాయిషీ అక్కర్లేదు.

అప్రైజల్లోనూ ఇదే జబ్బు ఉంటుంది. ఏ పనికి ఎంత విలువో ఏడాది మొదట్లోనే రాసి అందరికీ ఇవ్వండి. నెలకోసారి ఒక్కొక్కరి గురించి ఐదు లైన్లు రాసుకోండి. లేకపోతే రేటింగ్ రోజున గుర్తొచ్చేది చివరి రెండు నెలలూ, రోజూ టీకి కలిసిన ముఖాలూ.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. మార్చిలో పూర్తయిన మెయింటెనెన్స్ పనుల బిల్లులు, 14 లక్షలవి, ఏప్రిల్‌లో ఎక్కించమని మా మేడమ్ అన్నారు. ‘బడ్జెట్ దాటింది, ఈ ఒక్కసారికే’ అన్నారు. ఆవిడ చాలా మంచి మనిషి.

జవాబు: మంచి మనిషే అయ్యుంటారు. ఆ బిల్లులు మాత్రం మార్చివే. బిల్లు మీద తేదీ ఏదైనా, పని మార్చి 31లోపు జరిగితే ఖర్చు ఆ ఏడాదిదే. బిల్లు చేతికి రాకపోయినా ప్రొవిజన్ (రావాల్సిన బిల్లుకు ముందే ఖర్చు చూపడం) వేయాల్సిందే. ఆడిటర్లు ఏప్రిల్ బిల్లులను వెనక్కి తిప్పి, పని ఎప్పుడు పూర్తయిందో చూసేది ఇందుకే.

సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖ తెలుగువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అసలు లాభానికీ పుస్తకాల్లోని లాభానికీ మధ్య చిన్న తేడాతో మొదలై ఏళ్ళ తరబడి పెరిగిపోయిందని అందులో రాశారు. పులి నోట పడకుండా దాని మీది నుంచి ఎలా దిగాలో తెలియనట్టయిందన్నారు. ఈ ఏడాది 14 లక్షలు తోసేస్తే వచ్చే మార్చిలో ఆ 14తో పాటు కొత్తవీ తోయాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అది.

మేడమ్‌కు ఒక మెయిల్ పెట్టండి, నిందలేమీ లేకుండా: ‘ఈ ఐదు బిల్లుల పని పూర్తయిన తేదీలు మార్చిలో ఉన్నాయి. మార్చి ప్రొవిజన్‌లో చూపిస్తున్నాను, బడ్జెట్ దాటిన కారణం నోట్‌గా జతచేస్తాను. సరేనా?’ ఆవిడ పై వాళ్ళకు చెప్పుకోవడానికి మర్యాదైన దారి ఇందులోనే ఉంది. చాలాసార్లు వ్యవహారం ఇక్కడితో ముగుస్తుంది. నోటితో ‘వద్దు, ఏప్రిల్లోనే’ అంటే ఆ మాటే మెయిల్లో రాయమనండి. మీది లిస్టెడ్ కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద ఫిర్యాదు వ్యవస్థ ఉండి తీరాలి. తప్పనిసరైనప్పుడు ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ని నేరుగా కలిసే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఒక్క జాగ్రత్త: కంపెనీ కాగితాలను మీ సొంత మెయిల్‌కు పంపుకోకండి. అసలు సంగతి పక్కకు పోయి మీ మీదే విచారణ మొదలవుతుంది. తేదీ, బిల్లు నంబరు, ఎవరు ఏమన్నారు అన్నది ఆఫీసు సిస్టమ్‌లోనే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా పిన్ని కొడుకు మా కంపెనీలో ఉద్యోగానికి అప్లై చేశాడు. ఇంటర్వ్యూ ప్యానెల్లో నేనున్నాను. పిల్లాడు నిజంగా తెలివైనవాడు. తప్పుకోవాలా?

జవాబు: తప్పుకోవాలి, అదీ వాడి రెజ్యూమే ప్యానెల్ చేతికి వెళ్ళకముందే. హెచ్.ఆర్.కు ‘ఈ అభ్యర్థి నా దగ్గరి బంధువు, ఈ పోస్టు ప్యానెల్ నుంచి తప్పుకుంటున్నాను’ అని ఒక లైను రాస్తే చాలు. తప్పుకోవడమంటే పూర్తిగా తప్పుకోవడమే. ప్రశ్నలు తయారుచేయకూడదు, ‘ఎలా చేశాడు’ అని మధ్యాహ్నం భోజనాల దగ్గర అడగకూడదు. ‘తెలివైనవాడే’ అన్న మాట కూడా ఎవరి చెవినా వేయకూడదు. సీనియర్ నోట ఆ మాట విన్నాక ప్యానెల్లో ఎవరూ ఐదుకు రెండు వేయరు.

ప్యానెల్ మిత్రులకు ఒక్కటి చెప్పి బయటకు రండి: అభ్యర్థులందరికీ అవే నాలుగైదు ప్రశ్నలు, అదే వరుసలో వేయాలి. ఎవరి మార్కులు వాళ్ళు విడిగా రాసుకున్నాకే మాట్లాడుకోవాలి. ముందే మాట్లాడుకుంటే మొదట నోరు విప్పినవాళ్ళ అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

పిన్నికి ఫోన్ చేసి ‘నేను ఇందులో లేను’ అని ఇంటర్వ్యూకు ముందే చెప్పండి. ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది, అది తప్పదు. ఉద్యోగం రాకపోతే మాత్రం ఆ కబురు హెచ్.ఆర్. నుంచే వెళ్ళాలి, మీ నోటితో కాదు.